అరువు చెయ్యి

ఢిల్లీలో మా ద్వారక తెలుగు సంఘంలో ఉప్పు చూసేది నేను. అధ్యక్షులు మారతారు, కార్యదర్శులు అలుగుతారు, అలక తీరి మళ్ళీ వస్తారు. కానీ పద్దెనిమిదేళ్ళుగా కార్తీక వనభోజనాల నాడు పులుసు గిన్నె దించే ముందు గరిటెడు నా అరచేతిలో పోసి, నేను చప్పరించి తలాడించేదాకా ఎవరూ విస్తళ్ళు పరవరు. నేను సెక్షన్ ఆఫీసరుగా రిటైరయిన ఆఫీసులో నా సంతకానికి కూడా అంత విలువ ఉండేది కాదు. అక్కడ పద్మనాభం వెళ్ళిపోయాడన్న సంగతి ఎవరూ గమనించి ఉండరు. ఇక్కడ పద్మనాభం గారు రాలేదంటే గిన్నె పొయ్యి మీదే ఉంటుంది.

ఇది ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ గరిటెడు పులుసు కోసం నేనొక సిగ్గుమాలిన పని చేశాను. మధ్యలో నన్ను తిట్టుకోవాలనిపిస్తే తిట్టుకోండి, నేనేమీ అనుకోను.

పోయిన చలికాలంలో మా కేశవరావు మెట్రో స్టేషన్ మెట్ల మీద కూలబడ్డాడు. పక్షవాతం. అతనికి బీపీ ఉందని అతనికే తెలియదు. మూతి కొంచెం వంకరపోయింది, కుడి చెయ్యి ఇప్పటికీ పూర్తిగా లేవదు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక చూడ్డానికి వెళ్ళినవాళ్ళందర్నీ భానుమతి గారు ఆ హాల్లోనే వరసగా కూర్చోబెట్టి చేతులకి బీపీ చూసే పట్టీ కట్టారు. ఆవిడ ముప్ఫై ఏళ్ళు సర్కారు ఆసుపత్రిలో వార్డు సిస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ కూర్చోమంటే మంత్రులైనా కూర్చుంటారు. ఆ రోజు పదకొండు మంది మగవాళ్ళం ఉన్నాం. ఏడుగురికి ఎక్కువే వచ్చింది.

అలా పుట్టింది బీపీ సత్సంగం. పేరు పెట్టింది నేనే. మా కింద మూడో అంతస్తులో ఉండే రఘువీర్ గురుగ్రాంలో సాఫ్ట్‌వేర్ కుర్రాడు. ఫోనుతో తనంతట తాను మాట్లాడుకునే బీపీ మిషన్లు ఏవో అతనే చూసి, పదకొండూ ఒకేసారి తెప్పించాడు. పొద్దున్న ఏడింటికి, కాఫీకి ముందు, వీపు కుర్చీకి ఆనించి, రెండు పాదాలూ నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవాలి. తర్వాత పట్టీ కట్టుకుని మీట నొక్కాలి. అంకె మన చేతిలో లేదు, మిషను నుంచి ఫోనుకి, ఫోను నుంచి గ్రూపుకి తనే వెళ్ళిపోతుంది. మన పేరు పక్కన చుక్క పడుతుంది. పచ్చ చుక్క అయితే భానుమతి గారు తామరపువ్వు బొమ్మ పంపుతారు. పసుపు అయితే ఫోను చేస్తారు. ఎరుపు అయితే ఇంటికొస్తారు.

సంఘం సభ్యత్వం లాగే మిషను కూడా ఇంటికొకటి, ఇంటాయన పేరు మీద. "మీ ఆడవాళ్ళ పేర్లు కూడా ఇవ్వండి," అని భానుమతి గారు మొదట్లోనే అడిగారు. నేనే అందరి తరఫునా అన్నట్టు జవాబిచ్చాను.

"మా సుభాషిణికేం లేదండీ."

"మీకెలా తెలుసు?"

"ఉంటే చెబుతుంది కదా."

ఆవిడ నా వంక చూసి, "అచ్ఛా," అన్నారు.

అంతా బాగానే ఉండేది గానీ, చప్పిడి పంక్తి అని ఒకటి పెట్టారు. నెలకోసారి ఆదివారం మేమందరం కలిసి భోంచేస్తాం. ఆ నెలలో ఐదు ఎర్రచుక్కలు పడినవాళ్ళకి విడిగా ఒక వరస. అక్కడ పప్పులో ఉప్పుండదు, అప్పడం రాదు, ఆవకాయ జాడీ ఆ వైపు తల కూడా తిప్పదు. జులైలో నాకు తొమ్మిది ఎర్రచుక్కలు వచ్చాయి. ఉప్పు చూసే పద్మనాభం చప్పిడి పంక్తిలో కూర్చుని గడ్డిలాంటి బీరకాయ కూర నములుతుంటే, మా కార్యదర్శి గోవిందరాజులు వడ్డిస్తూ నవ్వాడు.

"ఇలాగైతే కార్తీకంలో ఉప్పు చూడ్డానికి ఇంకొకర్ని వెతుక్కోవాలేమో గురువు గారూ."

సరదాకే అన్నాడు. నేను మాత్రం ఆ ముద్ద విస్తరిలోనే వదిలేసి లేచాను.

డాక్టరు మాత్ర రాశాడు. పది రోజులు వేసుకున్నాక సాయంత్రానికల్లా పాదాలు వాచి, చెప్పులు పట్టేవి కావు. డాక్టరుకి ఆ మాట చెబితే ఇంకో మాత్ర ఇచ్చేవాడు, అంతే. ఆ అంతే నాకు తోచలేదు. మాత్రే మానేశాను. రోజూ పొద్దున్న సుభాషిణి ఎదురుగా మాత్ర నోట్లో వేసుకున్నట్టు నటించి, నీళ్ళు తాగి, బాల్కనీలోకి వెళ్ళి మనీప్లాంటు కుండీలో పూడ్చేవాణ్ణి. ఆ మొక్క మాత్రం శుభ్రంగా పెరిగింది.

ఇక ఆగస్టు నెలాఖరు. మళ్ళీ నాలుగు ఎర్రచుక్కలు పడ్డాయి. ఐదోది పడితే మళ్ళీ ఆ పంక్తే, కార్తీకంలో గరిటె నా చేతికి రాదు. ఆ రోజు పొద్దున్న పట్టీ చేత్తో పట్టుకుని కూర్చున్నాను. సుభాషిణి పాలు పొయ్యి మీద పెట్టి వచ్చి పక్కన నిలబడింది.

"ఒకసారి నీ చెయ్యి ఇలా ఇయ్యి," అన్నాను. "మిషను సరిగ్గా పనిచేస్తోందో లేదో చూద్దాం."

"నాకెందుకండీ, పాలు పొంగుతాయి."

"పొయ్యి కట్టేసి రా. ఐదు నిమిషాలే."

వచ్చింది. కుర్చీలో వెనక్కి ఆనుకుంది. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. ఐదు నిమిషాలయ్యాక మీట నొక్కాను. పైది నూట పద్దెనిమిది, కిందది డెబ్భై ఆరు. ఫోనులో నా పేరు పక్కన పచ్చచుక్క, దాని వెనకాలే భానుమతి గారి తామరపువ్వు. 'శభాష్ పద్మనాభం గారూ' అని కూడా రాశారు.

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆ శభాష్ నేను తీసుకున్నాను.

మర్నాడూ చెయ్యి ఇయ్యమన్నాను. సుభాషిణి ఈసారి నా మొహంలోకి చూసింది.

"ఇది తప్పు కదండీ."

"మాత్ర వేసుకుంటున్నానా లేదా? బీపీ తగ్గే ఉంటుందే. ఆ పట్టీ బిగుసుకుంటే నాకు కంగారు, అందుకే ఎక్కువ చూపిస్తోంది. కార్తీకం దాటేదాకా కాస్త సాయం చెయ్యి."

ఆమె కూర్చుని చెయ్యి చాపింది. ముప్ఫై ఏడేళ్ళ కాపురంలో ఆమె నా అబద్ధాలు కొన్ని కనిపెట్టింది, కొన్ని కనిపెట్టి ఊరుకుంది. ఇది ఏ రకమో నేను అడగలేదు. వారం తిరిగేసరికి నేను పిలవక్కర్లేకుండానే ఏడింటికి వచ్చి కుర్చీలో కూర్చుని ఎడమ చెయ్యి బల్ల మీద చాపేది. ఒకరోజు కళ్ళు మూసుకునే అంది.

"ఇలా బాగుందండీ. రోజు మొత్తం మీద నేను ఊరికే కూర్చునేది ఈ ఐదు నిమిషాలే."

"మాట్లాడకు, అంకె పెరుగుతుంది," అన్నాను నేను.

సెప్టెంబరు భోజనాల్లో మామూలు పంక్తిలో కూర్చున్నాను. రెండుసార్లు ఆవకాయ వేయించుకున్నాను. గోవిందరాజులు లేచి చప్పట్లు కొట్టించాడు. పట్టుదల అంటే పద్మనాభం గారిదే అన్నాడు. సుభాషిణి ఆడవాళ్ళ వైపు కూర్చుని తల వంచుకుని తింటోంది. నేను చప్పట్లు కొట్టేవాళ్ళకి నమస్కారం కూడా పెట్టాను.

సెప్టెంబరు చివర్లో మా టవరు లిఫ్టు పాడయింది. తొమ్మిది రోజులు బాగుచెయ్యలేదు. మాది నాలుగో అంతస్తు. పాలకీ కూరలకీ రోజుకి రెండు మూడుసార్లు సుభాషిణే ఎక్కి దిగింది. నేను దిగితే బీపీ పెరుగుతుందని నన్ను దిగనివ్వలేదు. లిఫ్టు బాగయ్యేసరికి ఆమె మోకాళ్ళు పట్టేశాయి. కింద మందుల షాపు భయ్యాని అడిగితే నొప్పి బిళ్ళలిచ్చాడు. పొద్దునొకటి, సాయంత్రమొకటి. నొప్పి తగ్గింది కదా అని నేనే ఇంకో రెండు అట్టలు తెచ్చిపెట్టాను.

అక్టోబరులో అంకె కదలడం మొదలుపెట్టింది. నూట ఇరవై ఎనిమిది. నూట ముప్ఫై ఆరు. దీపావళి దాటేసరికి నూట నలభై ఎనిమిది. నా పేరు పక్కన పసుపు చుక్క.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలుసా? ఆమె చేతి మీద. నమ్మి పెట్టుకున్న మనిషి పని ఎగ్గొట్టినట్టు అనిపించింది.

"రాత్రి నిద్రపోలేదా నువ్వు? సరిగ్గా కూర్చో. ఏవేవో ఆలోచించకు."

"తల కొంచెం బరువుగా ఉందండీ."

"బయట చూడు, ఎదురు టవరు కనబడుతోందా? ఈ పొగకి ఢిల్లీ మొత్తానికి తలనొప్పే."

ఆమె తలకి గుడ్డ బిగించుకుని వంటింట్లోకి వెళ్ళింది. నేను మిషను బ్యాటరీలు మార్చాను.

అటు భానుమతి గారు ఫోను చెయ్యడం మొదలుపెట్టారు. "పద్మనాభం గారూ, రెండు వారాల్నుంచి పెరుగుతోంది. తలనొప్పేమైనా ఉందా?" లేదండీ అన్నాను. నిజమే, నాకు లేదు. "నొప్పి బిళ్ళలేమైనా వాడుతున్నారా? వాటికి పెరుగుతుంది." లేదండీ అన్నాను. అదీ నిజమే. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. పెరిగింది నాది కాదని చెప్పలేను, తగ్గించడం నా చేతిలో లేదు. ఫోను పెట్టేశాక సుభాషిణి అడిగింది, ఏమంటున్నారని. ఉప్పు తగ్గించమంటున్నారని చెప్పాను. ఆ రోజు నుంచి నా కంచంలో ఉప్పు తగ్గించింది. తనకి మాత్రం అన్నంలో మజ్జిగ, మాగాయ ముక్క. వంట చేసిచేసి ఇంకేదీ సయించడం లేదంది.

ఇంత తెలివిగలవాణ్ణి, రెండూ రెండూ కలిపితే నాలుగని నాకు తట్టలేదు. తట్టలేదని చెబితే సగం నిజం. తట్టబోయినప్పుడల్లా కార్తీకం ఎన్ని రోజులుందో లెక్కపెట్టుకునేవాణ్ణి.

వనభోజనాల ఆదివారం వచ్చింది. మా ఇంటి వంతు నలభై మందికి పులిహోర. సుభాషిణి నాలుగింటికే లేచింది. ఏడింటికి పసుపు చేతులు కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చుంది. ఐదు నిమిషాల్లో రెండుసార్లు కళ్ళు నులుముకుంది. పట్టీ బిగుసుకుంది, వదిలింది, మళ్ళీ బిగుసుకుంది.

నూట తొంభై ఎనిమిది. కింద నూట పద్దెనిమిది.

నేను మాట్లాడేలోపే నా ఫోను కూత పెట్టింది. నూట ఎనభై దాటితే అలా అరిచేటట్టు, దగ్గర్లో ఉన్న ముగ్గురికి కబురు వెళ్ళేటట్టు రఘువీర్ పెట్టాడు. ఆ సంగతి నేను మర్చిపోయాను. సుభాషిణి నా చేతిలో ఫోను చూసి, పట్టీ తనే గబగబా ఊడదీసి, నా ఎదురుగా పెట్టింది.

"మీరు కూర్చోండి. వాళ్ళొచ్చేస్తారు," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నా పరువు కాపాడ్డానికి వెళ్ళింది. నేను కూర్చున్నాను.

ముందు రఘువీర్ వచ్చాడు, పళ్ళు తోముకుంటున్న బ్రష్షు చేత పట్టుకునే. "అంకుల్, కదలకండి. మాట్లాడకండి." పక్క టవరు నుంచి భానుమతి గారు శాలువా కప్పుకుని, మొహం నిండా పొగమంచు తడితో వచ్చారు. అందరికంటే ఆఖర్న, కర్ర పొడుచుకుంటూ, కాలు ఈడ్చుకుంటూ కేశవరావు. అతణ్ణి ఎవరూ పిలవలేదు. గ్రూపులో ఎర్రచుక్క చూసి వచ్చాడు. నా పక్కన కూర్చుని, పనిచేసే ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు.

"భ... భయపడకు," అన్నాడు. ఆ ఒక్క మాటకి అతనికి చాలాసేపు పట్టింది.

నాకు ఏడుపొచ్చింది. అందరూ అది జబ్బు వల్ల అనుకున్నారు.

భానుమతి గారు ఐదు నిమిషాలు ఆగి, పట్టీ నా చేతికి కట్టారు. ఇప్పుడు బయటపడుతుంది అనుకున్నాను. బయటపడలేదు. నాకు నూట ఎనభై నాలుగు, కింద నూట ఆరు. ఇన్ని నెలల మాత్రలు కుండీలో ఉంటే రాక ఏమవుతుంది?

"మిషను కరెక్టే," అన్నాడు రఘువీర్. "కారు కిందే ఉంది. ఆసుపత్రికి వెళ్దాం అంకుల్."

నాకు అప్పుడు తోచిన ఆలోచన చెబుతున్నాను, వినండి. వెళ్ళిపోవచ్చు అని తోచింది. నేను రోగిననే అందరూ అనుకుంటున్నారు, నాకు నిజంగానే ఉంది కూడా. మందిస్తారు, సాయంత్రానికి తిరిగొస్తాను, ఎవరికీ ఏమీ తెలియదు. రఘువీర్ వంగి నా కాలికి బూటు తొడుగుతున్నాడు.

సుభాషిణి ట్రేలో కాఫీలు తెచ్చింది. పిలవకుండా వచ్చినా, ప్రాణం మీదకి వచ్చినా, ఇంటికొచ్చినవాళ్ళకి కాఫీ ఇవ్వకుండా ఆమె పంపదు. కేశవరావుకి గ్లాసు అందించింది. అతని చేతికి ఇవ్వలేదు, చేతికి జానెడు ఇవతల గాలిలో వదిలేసింది. గ్లాసు కింద పడింది. ఆమె దాని వంక కాకుండా ఇంకెటో చూస్తూ నిలబడింది.

"అయ్యో, సరిగ్గా కనబడలేదండీ," అంది. "ఇంట్లోకి కూడా పొగ వచ్చేసినట్టుంది."

ఇంట్లో పొగ లేదు.

"ఆగండి," అన్నాను. "ఆ నూట తొంభై ఎనిమిది నాది కాదు. సుభాషిణిది."

భానుమతి గారు ఎందుకని గానీ ఎలాగని గానీ అడగలేదు. రెండడుగుల్లో సుభాషిణిని పట్టుకుని, నేను కూర్చున్న కుర్చీలోంచి నన్ను లేపి, ఆమెని కూర్చోబెట్టి పట్టీ కట్టారు. రెండు వందల రెండు. "రఘువీర్, లిఫ్టు పట్టుకో," అన్నారు. అప్పుడు నా వైపు తిరిగారు.

"ఆవిడకి ఎందుకు కట్టారు?"

"ఊరికేనండీ," అన్నాను. "ఇవాళ ఊరికే, సరదాకి."

చూశారా. అంత జరిగాక కూడా, నోట్లోంచి వచ్చింది ఇంకో అబద్ధమే.

ఆసుపత్రి ఎమర్జెన్సీలో చిన్నవయసు డాక్టరమ్మ ఉంది. సుభాషిణిని మంచం మీద పడుకోబెట్టి, సూది పెట్టి, కళ్ళలోకి లైటు వేసి చూసింది. ఒక పక్క నాకూ ఏదో మాత్ర ఇచ్చి బల్ల మీద కూర్చోబెట్టారు. భానుమతి గారు మంచం తలవైపు నిలబడ్డారు.

"కబ్ సే హై బీపీ?" అని, ఎప్పట్నుంచి ఉందని అడిగింది డాక్టరమ్మ.

"ఆజ్ హీ," అంది సుభాషిణి. ఇవాళే అని.

డాక్టరమ్మ మొహం చిట్లించింది. ఇంతకుముందు ఎప్పుడైనా చూపించుకున్నారా, మొన్నటిదాకా ఎంత ఉండేది, ఏమైనా మందులు వాడుతున్నారా అని నన్ను అడిగింది. ఒక్కరోజులో ఇంత లేచిందంటే వెతకాల్సిన కారణాలు వేరు, నెలల తరబడి పెరుగుతూ వస్తే వేరు, తెలిస్తే చెప్పండి, తొందరగా చెప్పండి అంది.

నేను సుభాషిణి వైపు చూశాను. ఆమె దిండు మీద తల ఇటూ అటూ కదిపింది, చాలా కొంచెం. వద్దు అని. కళ్ళు సరిగ్గా కనబడని మనిషి, నేనెక్కడ కూర్చున్నానో ఊహించుకుని, ఆ వైపు తిరిగి, నా మర్యాద కోసం తల అడ్డంగా ఆడించింది. నా జన్మలో నేను అంత చిన్నవాణ్ణయింది అప్పుడే.

జేబులోంచి ఫోను తీసి, నా పేరు మీద ఉన్న పేజీ తెరిచి, డాక్టరమ్మ చేతిలో పెట్టాను.

"యే సబ్ ఇన్‌కా హై," అన్నాను. "మేరా నహీ. నామ్ మేరా హై, హాథ్ ఇన్‌కా." తర్వాత భానుమతి గారికి వినబడేట్టు తెలుగులో కూడా చెప్పాను. "ఇవన్నీ సుభాషిణివే. పేరు నాది, చెయ్యి తనది. ఆగస్టు ఇరవై ఎనిమిది నుంచి ఒక్కరోజు కూడా పోకుండా. డెబ్భై మూడు రోజులు."

డాక్టరమ్మ ఫోను మీద వేలు పెట్టి గీత వెంట నడిపింది. నెల రోజులు చదునుగా ఉన్న గీత, అక్టోబరు మొదటి నుంచి మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఇక్కడ ఏమైంది అని అడిగింది. లిఫ్టు పాడయింది అన్నాను. మోకాళ్ళు అన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే నాకూ తెలిసింది. సుభాషిణి సంచీలోంచి నొప్పి బిళ్ళల అట్ట తీసి ఇచ్చాను. నేను తెచ్చిపెట్టిన అట్టే.

డాక్టరమ్మ దాన్ని పక్కన పడేసి నర్సుకి ఏవో రెండు మందులు చెప్పింది. వెళ్ళబోతూ ఫోను నాకు తిరిగిచ్చింది. ఇంత బాగా రాసిపెట్టుకుని వచ్చేవాళ్ళు తక్కువండీ, దీనివల్ల మాకు చాలా టైము కలిసొచ్చింది అంది హిందీలో. పాపం, మెచ్చుకుంది.

భానుమతి గారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. సుభాషిణి నుదుటి మీద చెయ్యి వేసి, నా వంక చూడకుండా నెమ్మదిగా అన్నారు.

"అక్టోబరు నుంచి మీకు ఏడుసార్లు ఫోను చేశాను పద్మనాభం గారూ. తలనొప్పి ఉందా అన్నాను. నొప్పి బిళ్ళలు వేసుకుంటున్నారా అన్నాను. ఆవిడని అడగాల్సినవన్నీ మిమ్మల్ని అడిగాను."

ఫరీదాబాద్ నుంచి మా అబ్బాయి జశ్వంత్ పదకొండింటికి పరిగెత్తుకొచ్చాడు. వాడికి కూడా నేనే చెప్పాను. "పాపా, ఆప్ భీ నా," అని, మీరు కూడా ఇలాగా అన్నట్టు చూసి, అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి అంకె నూట అరవైకి దిగింది. చూపు తేటపడింది. నరాలకేమీ కాలేదని, సమయానికి తెచ్చారని చెప్పారు. రెండు రోజులు ఉంచుకున్నారు.

ఆ రోజు వనభోజనాలు ఆగలేదు. సుభాషిణి చేసిన పులిహోర రఘువీర్ భార్య వచ్చి పట్టుకెళ్ళింది. ఉప్పు చూడ్డానికి నేను లేనని గోవిందరాజులు గరిటె కేశవరావుకి ఇచ్చాడట. పక్షవాతం తర్వాత అతని నాలుకకి సగం రుచే తెలుస్తుంది. సాయంత్రం ఆసుపత్రికి క్యారేజీ వచ్చింది. పులుసు ఉప్పుకషాయం. అయినా అందరూ తిన్నారట, ఎవరూ ఏమీ అనలేదట. పద్దెనిమిదేళ్ళుగా నేను లేకపోతే గిన్నె దిగదనుకున్నాను.

గ్రూపులో అంతా నేనే రాశాను. ఎవరి చెయ్యి, ఎన్ని రోజులు, ఎందుకు, మాత్రలు ఏ కుండీలో ఉన్నాయి, అన్నీ. తర్వాత భానుమతి గారు ఒక్క వాక్యం పెట్టారు. 'రేపటి నుంచి ఇంటికి రెండు పేర్లు.' మరుసటి రోజు పదకొండు ఇళ్ళలో ఇంటావిడలకి పట్టీ కట్టారు. ఇంకో ముగ్గురికి ఎర్రచుక్క పడింది. ఆ ముగ్గురి భర్తలూ అచ్చం నా మాటే అన్నారని విన్నాను. ఉంటే చెబుతుంది కదా, అని.

నాకు మాత్ర మార్చారు. పాదాలు వాయడం లేదు. చప్పిడి పంక్తిలో నా చోటు ఖాయం. ఉప్పు గరిటె కేశవరావు దగ్గరే ఉండనివ్వమని నేనే చెప్పాను. వంట వాళ్ళు అతనికి తెలియకుండా కాస్త ముందే చూసుకుంటున్నారు.

సుభాషిణి ఇంటికొచ్చిన మర్నాడు, ఏడింటికి, నేను రెండు కుర్చీలు వేశాను. ముందు ఫోనులో ఆమె పేరు ఎక్కించాను. పద్దెనిమిదేళ్ళలో ఈ ద్వారకలో ఆమె పేరు ఎక్కడా రాసి లేదు. సంఘం పుస్తకంలో కూడా పద్మనాభం గారి మిసెస్ అనే ఉంటుంది. 'సుభాషిణి' అని కొట్టి ఆమెకి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చదివింది, ఫోను మాత్రం వెంటనే తిరిగివ్వలేదు.

ఆ ఐదు నిమిషాలూ ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్నాం. ఆమెది నూట ముప్ఫై రెండు వచ్చింది. ఆమె పేరు పక్కన ఆమె చుక్క, దాని వెనకాల తామరపువ్వు. నేను పట్టీ విప్పి, ఇక నాది చూసుకుందామని చొక్కా చెయ్యి మడతపెడుతున్నాను. "ఇప్పుడు మీదా?" అంది సుభాషిణి. అంటూనే, సూది గుచ్చిన చోట ఇంకా దూది అంటించి ఉన్న ఎడమ చేతిని, అలవాటుగా, మళ్ళీ బల్ల మీద నా ముందు చాపింది.